ఇద్దరం అవునన్న పేపరు

మా ఆయన చెల్లెలికి ఒక రెండో మనిషి కావలసి వచ్చింది. మొదటి మనిషి తనే. ఇద్దరికీ ఇంగ్లీషు చదవడం రావాలి, ఇద్దరూ ఒకే పని చెయ్యాలి, చేస్తున్నంతకాలం ఆ పని గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. చివరి షరతు వినగానే మా ఆయన తల పైకెత్తి, “మీ వదిన వల్ల అయ్యే పని కాదమ్మా” అన్నారు. అంతవరకూ ఒప్పుకోనా మాననా అని ఊగిసలాడుతున్నదాన్ని, ఆ మాటతో ఒప్పేసుకున్నాను.

ఇంట్లో ఆ అమ్మాయిని తూనీగ అంటాం. ఒకచోట కుదురుగా వాలదు. మాతోనే ఉంటుంది, ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేస్తోంది. పక్షవాతం వచ్చి, డిశ్చార్జి అయిపోయినవాళ్ల ఇళ్లకు స్కూటరు మీద వెళ్లి, పడిపోయిన కాళ్లూ చేతులూ ఆడించి, మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి గుమ్మం దాకా నడిపించి వస్తుంది. ఆస్పత్రిలో ఈ ఇంటింటి పని మొదలుపెట్టిందే తను. పెద్ద డాక్టరు మొదట సరేనన్నారు. కొన్నాళ్లకు ఆయనకు అనుమానం పట్టుకుంది.

“వీళ్లు నువ్వు వెళ్లడం వల్ల కోలుకుంటున్నారా, వాళ్లంతట వాళ్లే కోలుకుంటున్నారా?” అని అడిగారట.

“నా కళ్లతో చూస్తున్నాను కదా సార్” అందట ఇది.

“నీ కళ్లు నీ పక్షమే మాట్లాడతాయి. ఈ పని చేసి చూసినవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో, ఏం కనుక్కున్నారో అంతా ఏరి, కలిపి, లెక్కకట్టి పట్టుకురా. ఉపయోగం ఉందని తేలితే సాగిద్దాం. లేకపోతే వచ్చే ఏడాది నుంచి వార్డులోనే ఉండు.”

అలా ఏరడాన్ని సిస్టమాటిక్ రివ్యూ అంటారనీ, కలిపి లెక్కకట్టడాన్ని మెటా అనాలిసిస్ అంటారనీ, దానికి కంప్యూటర్లో చెప్పే కోర్సు ఉందనీ తూనీగ తెలుసుకొచ్చింది. రెండో మనిషిగా ఉంటానన్న సహోద్యోగి నెలలు నిండి సెలవు మీద వెళ్లిపోయింది. అప్పుడు మిగిలింది నేను. ఒకప్పుడు వృక్షశాస్త్రంలో డిగ్రీ చేశాను. ఆ శాస్త్రంలో ఇప్పుడు నా దగ్గరున్నవి బాల్కనీలో రెండు కుండీలు, అందులో ఒకటి ఖాళీ.

కోర్సు చెప్పే మేడమ్ తెరమీద మెత్తగా, నిద్రపుచ్చేలా మాట్లాడేది. కానీ ఏ మాటనూ ఊరికే పోనిచ్చేది కాదు. ఆవిడకు జల్లెడ మేడమ్ అని నేనే పేరు పెట్టాను.

“వైద్యం తెలియకపోయినా ఫరవాలేదమ్మా,” అంది నాతో. “ముందు రాసుకున్న షరతులను చివరిదాకా పాటించే ఓపిక ఉంటే చాలు.”

“నాకు పెళ్లై చాలా ఏళ్లయిందండి,” అన్నాను.

“సరిపోతుంది,” అంది ఆవిడ, ఏమాత్రం నవ్వకుండా. ఆ క్షణం నుంచి నాకు ఆవిడంటే గౌరవం.

మొదటి పాఠం ఆ షరతుల గురించే. ఒక్క పరిశోధనా పత్రం కూడా తెరవకముందే, ఎలాంటివి తీసుకుంటామో, ఎలాంటివి తీసుకోమో రాసి పెట్టేసుకోవాలి. జవాబులు చూశాక ప్రశ్నపత్రం తయారు చేసుకోకూడదన్నమాట. మేం రాసుకున్నాం. పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లై ఉండాలి. వ్యాయామం ఇంటికి వెళ్లి చేయించి ఉండాలి. ఫలితంగా నడకను కొలిచి ఉండాలి. అన్నింటికన్నా ముఖ్యం, ఎవరి ఇంటికి వెళ్లాలి, ఎవరి ఇంటికి వెళ్లకూడదు అన్నది చీటీ తీసి పంచి ఉండాలి.

“చీటీ ఎందుకండి?” అని తూనీగ అడిగింది. “అవసరం ఉన్నవాళ్లింటికి వెళ్తారు కదా ఎవరైనా.”

“మన ఇష్టానికి వదిలేస్తే, తెలియకుండానే, బాగుపడేలా కనిపించేవాళ్ల ఇళ్లకు వెళ్తాం. తర్వాత మనమే బాగుచేశామనుకుంటాం.”

“నేనలా వెళ్లనండి.”

“అందరూ అదే అంటారమ్మా. అందుకే చీటీ.”

తూనీగ మొహం ముడుచుకుంది కానీ రాసుకుంది.

ఆ తర్వాత పేర్ల వరద మొదలైంది. ఏవో మాటలు పెట్టి వెతికితే వందలకు వందలు పత్రాలు వచ్చి పడ్డాయి. అన్నీ చదవక్కర్లేదు. అద్దెకు ఇల్లు వెతుక్కున్నట్టే. వీధి పేరు వినగానే కొన్ని వద్దంటాం, గేటు దాకా వెళ్లి కొన్ని వద్దంటాం, లోపలికి వెళ్లి కుళాయి తిప్పి చూసేవి కొన్నే ఉంటాయి. ఇక్కడా ముందు పేరు, తర్వాత సారాంశం, ఆపైన పూర్తి పేపరు. ప్రతిదానికీ అవును, కాదు అని గుర్తుపెట్టాలి. ఒకరు పెట్టింది రెండోవారికి కనపడదు. ఇద్దరికీ తేడా వస్తే మాట్లాడుకుని తేల్చుకోవాలి. అప్పటికీ తేలకపోతే తగువు జల్లెడ మేడమ్ దగ్గరకు వెళ్తుంది.

తూనీగ పడకగదిలో, నేను భోజనాల బల్ల దగ్గర కూర్చునేవాళ్లం. కుక్కర్ కూతకూ కూతకూ మధ్య నేను ప్రపంచంలోని పక్షవాతాన్నంతటినీ జల్లించాను. ఎలుకల మీద చేసినవి వచ్చాయి, వద్దన్నాను. గుర్రాల కుంటితనం మీద ఒకటి వచ్చింది. మా ఆయన వెనక నిలబడి దాన్ని చేర్చమని పట్టుబట్టారు. గుర్రం ఇంటికి ఎవరు వెళ్లారో ఆయనకు తెలియాలట.

“వెనకనుంచి చూసేవాళ్లు ఓటు వెయ్యకూడదు,” అని పంపించేశాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని వాన గురించి మాట్లాడుకునేవాళ్లం. వాన లేని రోజు ఎండ గురించి. నోటిదాకా వచ్చినదాన్ని అన్నంతోపాటు మింగేసేదాన్ని. తూనీగ కూడా అంతే, గ్లాసు ఎత్తుతూ నావైపు ఒకసారి చూసి, దించేసేది.

చేరినవి తక్కువే తేలాయి. అన్నీ చిన్న చిన్నవి. పదిమందీ పదిహేనుమందీ ఉన్నవి. అప్పుడు జల్లెడ మేడమ్ ఇంకో కిటుకు చెప్పింది. దొరికిన పేపర్ల చివర్లో, వాళ్లు ఏయే పేపర్లు చూశారో వరసగా ఉంటుందనీ, ఆ వరసలో మనకు దొరకనివి దాక్కుని ఉంటాయనీ. ఆ పని నేను తీసుకున్నాను. బీరువా కింద పడ్డ దువ్వెన కోసం చెయ్యి పెట్టి తడిమినట్టు తడిమాను. తడమగా తడమగా ఒకటి తగిలింది. పెద్దది. మిగతావన్నీ కలిపినా అంతమంది రోగులు లేరు. ఇళ్లకు వెళ్లడం వల్ల నడక ఎంతో మెరుగైందని పైనే రాసి ఉంది. చీటీ తీసే పంచారని కూడా సారాంశంలో ఉంది.

దొరికిందని చెప్పవచ్చు, ఏమనుకుంటున్నామో చెప్పకూడదు అని నిబంధన. దొరికిందని చెప్పాను. తూనీగకు చెప్పాను, మా ఆయనకు చెప్పాను, పాలు పోసే ఆయనకు చెప్పాను, పక్కింటావిడకు రెండుసార్లు చెప్పాను. నేను కనుక్కున్నాను అనే మాట ఆ రెండు రోజుల్లో నా నోట ఎంత నలిగిందో. అసలు కనుక్కున్నవాళ్లు కూడా అంత సంబరపడి ఉండరు.

తర్వాత దాన్ని పూర్తిగా చదివాను. లోపలి పేజీల్లో, పట్టికల మధ్య, చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఇంటికి రమ్మని ఫోన్ చేసి అడిగినవాళ్లను ఒక వర్గంగా, అడగనివాళ్లను ఇంకో వర్గంగా తీసుకున్నారట. అంటే చీటీ లేదు. ఇంట్లో పట్టించుకునే మనిషి ఉండి, ఫోన్ చేసి, గుమ్మం దగ్గర ఎదురు చూసిన కుటుంబాలు ఒకవైపు, అలాంటి మనిషి లేనివాళ్లు మరోవైపు. ఎవరు ముందు నడుస్తారో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు.

కాదు అని పెట్టబోయి ఆగాను. తూనీగకు మిగిలిన ఆశంతా ఈ ఒక్క పేపరే. తను ఎలాగూ అవును అంటుంది. నేను కాదంటే తేడా పైకి వస్తుంది, మేడమ్ దగ్గర నేనే గెలుస్తాను. ఆ అమ్మాయి పనిని వదినే చేజేతులా ఆపినట్టవుతుంది. పైన సారాంశంలో చీటీ అని ఉంది కదా, వాళ్ల మాట వాళ్లకు ఉంటుంది అనుకుని అవును పెట్టేశాను.

తూనీగ కూడా అవునే పెట్టింది. నేననుకున్నట్టే అయింది.

అంకెలు ఎక్కించడం అయ్యాక కంప్యూటరు ఒక బొమ్మ గీసి ఇచ్చింది. మధ్యలో నిలువుగా ఒక గీత. ఒక్కో పరిశోధనకూ ఒక్కో చిన్న చదరం, దానికి అటూ ఇటూ మీసాలు. గీతకు కుడిపక్కన ఉంటే ఇంటికి వెళ్లడం వల్ల మేలు, ఎడమన ఉంటే కీడు, గీతను తాకుతూ ఉంటే ఏమీ చెప్పలేమని అర్థం. అన్నింటి కింద, అన్నీ కలిపిన ఫలితం వజ్రం ఆకారంలో ఉంటుంది. మా వజ్రం గీతకు దూరంగా, కుడిపక్కన, నిబ్బరంగా కూర్చుంది.

“ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి వజ్రం,” అన్నాను, మా ఆయనకు వినపడేలా.

తూనీగ నవ్వింది. కానీ ఎగిరి గంతెయ్యలేదు. అలసిపోయిందేమో అనుకున్నాను.

ఆ వారం క్లాసులో మా వంతు వచ్చింది. ఇద్దరం ల్యాప్‌టాప్ ముందు పక్కపక్కన కూర్చున్నాం.

“మీ ఇద్దరి నిర్ణయాలు ఎంతవరకు కలిశాయో లెక్క చూశాను. చాలా బాగుంది,” అంది మేడమ్. మేం పొంగిపోయాం. “మరీ బాగుంది. అదే నా దిగులు. ఒకచోట కూర్చుని చేశారా?”

“లేదండి. వేరు వేరు గదుల్లోనే,” అంది తూనీగ.

“నేను సాక్షి,” అని సోఫాలోంచి మా ఆయన గొంతు వచ్చింది. “ఈ ఇంట్లో వదినా ఆడపడుచులు ఇంతలా ఒక్క మాట మీద ఉండటం నేనూ ఎరగను. కిటికీ తెరల రంగు ఇంకా తేలలేదు.”

“అన్నయ్యా, నువ్వు క్లాసులో లేవు.”

“ఉన్నవాళ్లకన్నా శ్రద్ధగా వింటున్నాను.”

జల్లెడ మేడమ్ ఆ మాటలన్నీ పోనిచ్చి అడిగింది. “ఆ పెద్ద పేపరు ఉందే, దాన్ని ఎందుకు చేర్చారో చెప్పండి. ఎవరైనా సరే.”

నేను తూనీగ వైపు చూశాను. తూనీగ నావైపు చూసింది.

“వదిన చెబుతుందండి. వెతికి పట్టుకుంది తనే.”

“తూనీగ చెబుతుందండి. ఆ వైద్యం గొడవ నాకేం తెలుసు.”

“వైద్యం వద్దులెండి. ఎవరి ఇంటికి వెళ్లాలో వాళ్లు ఎలా తేల్చారు?”

“ఫోన్ చేసినవాళ్లింటికి,” అన్నాను.

“రమ్మని అడిగినవాళ్లింటికి,” అంది తూనీగ. రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి.

తూనీగ కుర్చీ నావైపు తిప్పుకుంది.

“నువ్వు చదివావా అది?”

“నువ్వు చదివావా?”

“చదివి మరి ఎందుకు చేర్చావు వదినా?”

“నువ్వు చేరుస్తావని. అదుంటే నీ పని నిలబడుతుంది కదా. కాదని నేనెందుకు అడ్డుపడాలి? సరే, నువ్వెందుకు చేర్చావు?”

“నువ్వు చేరుస్తావని. ఎంత కష్టపడి పట్టావు దాన్ని. పాలాయనకు కూడా చెప్పుకున్నావు. నేను కాదంటే నీ మొహం చూడగలనా?”

జల్లెడ మేడమ్ పక్కనున్న గ్లాసు తీసుకుని నీళ్లు తాగింది. చాలాసేపే తాగింది.

“ఈ పాఠం ఎంతోమందికి చెప్పాను,” అంది తర్వాత. “ఒకరి జవాబు ఒకరు దొంగచాటుగా చూసి రాసేవాళ్లు ఉంటారు. చూడకుండా కాపీ కొట్టినవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను.”

సోఫాలోంచి దగ్గు వినబడింది. నవ్వుకు వేసిన ముసుగు అది.

“ఇద్దరు చదవాలని ఎందుకు పెట్టారంటే, ఒకరు జారిపోతే ఇంకొకరు పట్టుకుంటారని. మీరు ఒకరికోసం ఒకరు జారారు. తప్పు పట్టడం లేదమ్మా. నాకూ ఒక వదిన ఉంటే బాగుండు అనిపించింది. పేపరు సంగతి మాత్రం నేను చెప్పను. షరతులు రాసుకున్నది మీరే.”

క్లాసు ముగిశాక తూనీగ లేవలేదు. ఆ పేపరు ఉన్న వరస మీద బాణం గుర్తు పెట్టి అలాగే చూస్తూ కూర్చుంది. నేను రెండు కప్పుల టీ తెచ్చి పెట్టాను.

“తీసెయ్యమని ఆవిడ అనలేదుగా,” అన్నాను. “సారాంశంలో చీటీ అనే ఉంది. ఇద్దరం అవునన్నాం. పెద్ద డాక్టరు లోపలి పేజీలు తిరగేస్తారా?”

“తిరగెయ్యరు.”

“మరింకేం?”

“తీస్తే ఏమవుతుందో తెలుసు కదా వదినా.”

“తెలుసు. అందుకే కదా అంటున్నాను.”

టీ కప్పు చేతిలోకి తీసుకుంది కానీ తాగలేదు. “ఈ లెక్క నమ్మి ఇంకో ఆస్పత్రిలో ఇంకో అమ్మాయి స్కూటరెక్కుతుంది. ఉపయోగం లేదనుకో, ఆ అమ్మాయి ఎండలో తిరిగినంతసేపూ వార్డులో మంచాల మీద ఉన్నవాళ్లకు చెయ్యి అందనట్టే కదా. సరే, ఆ సంగతి వదిలెయ్. నా సంగతే చెబుతాను. నేను చేస్తున్నది పనికొస్తోందో లేదో నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. ఇది చూపించి ఆయన్ని ఒప్పించేశాక, ఇక నాకు ఎవరు చెబుతారు?”

నేను నా కప్పు పక్కకు జరిపి, ల్యాప్‌టాప్ తనవైపు తిప్పాను.

ఒక్క మీట నొక్కింది. పెద్ద చదరం మాయమైంది. కింద వజ్రం రెండుపక్కలకూ సాగి, ఎడమ కొస గీత దాటి అవతలికి వెళ్లి పడింది. మేలు ఉండవచ్చు, ఏమీ లేకపోనూవచ్చు. ఇన్నాళ్ల చదువు చివరికి చెప్పిన మాట అది. తూనీగ దాన్నే శుభ్రంగా రాసింది. ఆ పెద్ద పేపరును ఎందుకు తీసేశామో కూడా రాసింది, ముందు చేర్చి తర్వాత తీశామని దాచకుండా.

పెద్ద డాక్టరు దగ్గరకు వెళ్లిన రోజు భోజనం వేళకు ఇంటికి వచ్చేసింది. చెప్పులు విప్పుతుండగానే గుమ్మం దగ్గర పట్టుకున్నాను.

“ఏమన్నారు?”

“తెలియదు అని చెప్పడానికి ఇన్ని నెలలా అన్నారు.”

“నువ్వేమన్నావు?”

“మీకు కూడా తెలియదని చూపించడానికి సార్ అన్నాను.”

“నిజంగా అన్నావా?”

“మనసులో.” చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. “పైకి ఇంకోటి అన్నాను. తెలియదు కాబట్టి ఆపెయ్యడం ఎందుకు, తెలియదు కాబట్టే చూద్దాం అన్నాను. ఏడాదిపాటు, డిశ్చార్జి అయ్యేవాళ్లలో ఒప్పుకున్నవాళ్ల పేరున చీటీ తీద్దాం. సగంమంది ఇళ్లకు వెళ్తాను. సగంమంది ఇప్పుడు మామూలుగా వచ్చినట్టే ఆస్పత్రికి వచ్చి చూపించుకుంటారు. నడక నేను కొలవను, ఎవరింటికి వెళ్లానో తెలియని వేరే మనిషి కొలుస్తారు. ఆ పెద్ద పేపరువాళ్లు చెయ్యని పని మనం చేద్దాం అన్నాను.”

“ఒప్పుకున్నారా?”

“నా మొహం చూస్తూ చాలాసేపు పెన్ను ఆడించారు. సరే అన్నారు.” అప్పుడు గానీ నవ్వలేదు. “పని ఆగదు వదినా. సగం ఆగదు.”

మా ఆయన ఇంకో చెంచా కూర చెల్లెలి కంచంలో వేశారు. ఆయన అభినందనలు ఎప్పుడూ ఆ రూపంలోనే ఉంటాయి.

కమిటీలూ అనుమతులూ అయ్యాక, కవర్ల పని నాకు వచ్చింది. ఎవరికి ఏ చీటీ వస్తుందో తూనీగకు ముందు తెలియకూడదు. వరసను ఆస్పత్రిలో లెక్కలు చూసే ఆయన తయారు చేశాడు. రికార్డుల గదిలో కూర్చుని చీటీలు కవర్లలో పెట్టి అంటించడానికి, రోగులతో సంబంధం లేని మనిషి కావాలన్నారు. ఒక కవరు కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. లోపలి అక్షరాలు లీలగా కనపడ్డాయి. నల్ల కాగితం తెప్పించి, ప్రతి చీటీనీ అందులో చుట్టి మళ్లీ మొదలుపెట్టాను.

“మీ ఆడపడుచు మీద నమ్మకం లేదా అమ్మా?” అన్నాడు లెక్కలాయన.

“నమ్మకం ఉంది. జాలి ఎక్కువని కూడా తెలుసు,” అన్నాను.

మొదటి కవరు ఒక రిటైరైన బస్సు డ్రైవరుది. కుడికాలు పడిపోయింది. వార్డులో తూనీగ భుజం పట్టుకుని నాలుగడుగులు వేసి, “ఇంటికి కూడా నువ్వే రావాలి తల్లీ, నాకు ఇంకెవరి డ్రైవింగూ నచ్చదు” అన్నాడట. తూనీగ ఆయన ఎదురుగానే కవరు చింపింది. వెళ్లనక్కర్లేదు అన్న చీటీ వచ్చింది. ఆయనకు తనే వివరంగా చెప్పింది. ఆయనే తనను ఓదార్చాడట, డిపోలో డ్యూటీలు కూడా ఇలాగే వేసేవాళ్లని.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఈ ముక్క చెప్పింది. ఆ కవరు అంటించిన జిగురు నా వేళ్లకు ఇంకా ఉన్నట్టే అనిపించింది నాకు.

“ఇంకో కవరు విప్పి ఉండాల్సింది,” అన్నారు మా ఆయన.

“విప్పితే అది చీటీ కాదు అన్నయ్యా, నా ఇష్టం.”

“ఆయన బాగుపడకపోతే?”

“నేను వెళ్తే బాగుపడేవాడని నాకు తెలుసా?” అని, “తెలుసనుకున్నప్పుడే హాయిగా ఉండేది” అంది.

కొన్ని వారాల తర్వాత ఒక సాయంత్రం ఇద్దరం కూరగాయలకు నడిచి వెళ్లాం. తిరిగి వచ్చేటప్పుడు మూల మీద తూనీగ ఆగిపోయింది. ఆ వీధిలోంచి వెళ్తే ఇల్లు దగ్గర. కూరగాయల బరువుకు నా భుజం లాగేస్తోంది.

“అటు వద్దు వదినా. ఆ డ్రైవరు ఇల్లు ఆ వీధిలోనే. సాయంత్రాలు బయటే కూర్చుంటాడట.”

“పలకరించకుండా వెళ్లిపోదాం.”

“కనబడితే కాలు ఎలా వేస్తున్నాడో చూస్తాను. చూస్తే ఊరుకోలేను. మడమ ముందు ఆనించండి అని ఒక్క మాటైనా అనేస్తాను.” వీధికి వీపు పెట్టి నిలబడింది.

నేను మాత్రం చూశాను. అటునుంచి నాలుగో ఇంటి ముందు ఒక పెద్దాయన గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన ఆయన భార్య కాబోలు, చెయ్యి అందించకుండా, అందేంత దూరంలో నిలబడింది. ఆయన ఒక చెయ్యి వదిలి, కుడికాలు మెల్లగా ముందుకు జరిపాడు. మడమ ముందు ఆనిందో వేళ్లు ముందు ఆనాయో నాకు అర్థం కాలేదు.

“బయట ఉన్నాడా?” అంది తూనీగ, వెనక్కి తిరగకుండా.

“నేనటు చూడలేదు,” అన్నాను.

సంచి ఒక పిడి తను పట్టుకుంది, ఒక పిడి నేను పట్టుకున్నాను. చుట్టుదారిన బయల్దేరాం.